పట్టాలో పేరు, పొలంలో కూలి

2025 సంక్రాంతికి తణుకు దగ్గర మా ఊళ్ళో మా వంశం వాళ్ళంతా కలిశాం. మా తాతయ్య ఏజెన్సీకి బండి కట్టి ఎనభై ఏళ్ళయిన సందర్భమట. షామియానా, నూట నలభై మందికి భోజనాలు, అట్ట మీద తాతయ్య ఫొటో వేసిన ఒక పుస్తకం. అమెరికా నుంచి వచ్చిన మా అన్నయ్య కొడుకు మైకు తీసుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి జనం గుడ్డ గూడు కట్టిన బళ్ళలో రెండు వేల మైళ్ళు పడమటికి పోయి ఒరెగాన్‌లో బీడు భూముల్ని సాగులోకి తెచ్చారనీ, వాళ్ళని అక్కడ పయొనీర్లని కొలుస్తారనీ, మన తాతయ్య కూడా అలాంటి పయొనీరేననీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అలవాటు కొద్దీ.

రాత్రి ఆ పుస్తకం చదివాను. అడవిని నరికిన వైనం ఉంది, పులి కథ ఉంది, పొగాకు బ్యారన్ కట్టిన సంవత్సరం ఉంది. ఆడవాళ్ళు మాత్రం వంశవృక్షంలో ఫలానా వారి భార్య, ఫలానా వారి కుమార్తె. ఇంతకీ ఆ భూమి ఈ రోజున ఎవరి పేరున ఉందో ఒక్క వాక్యం లేదు. రాయని ఆ వాక్యం గురించే ఈ వ్యాసం. మా కుటుంబం పరువు వీధిన పెడుతున్నానని మా వాళ్ళు బాధపడతారు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. రాయకపోయినా గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళవాళ్ళు ఇది తమ ఇంటి కథే అనుకుంటారని నాకు తెలుసు.

ముందు మా మామ్మ సంగతి. 1945లో తాడేపల్లిగూడెం, నల్లజర్ల, కొయ్యలగూడెం మీదుగా మూడు రాత్రుళ్ళు నడిచిన ఆ బండిలో ఆమె కూడా ఉంది. ఐదో నెల గర్భిణి. ఒళ్ళో రెండేళ్ళ మా పెదనాన్న. బుట్టాయగూడెం దాటాక బండి పోయే దారి లేకపోతే దిగి నడిచింది. ఆ ఏడాదే మన్యం జ్వరం పట్టి, కడుపులో బిడ్డ పోయి, జుట్టంతా రాలిపోయింది. తాతయ్య చేతిలో పెట్టుబడి ఏముందనుకున్నారు? పుట్టింటివాళ్ళు ఆమెకు పెట్టిన కాసులపేరు, వంకీలు. వాటిని అమ్మే కోయ రైతుకు ఉప్పు, బట్ట, ధాన్యం అప్పు పెట్టారు. ధాన్యం నాగుకిచ్చారు. నాగంటే తెలుసుగా, పుట్టి తీసుకుంటే పంటకి పుట్టిన్నర కొలవాలి. మూడు పంటలకి ఆ రైతు భూమి మాదైంది. నగలు మామ్మవి, భూమి తాతయ్యది. ఆమె పేరున సెంటు భూమి లేకుండానే 1981లో పోయింది. కాబట్టి ఆ పుస్తకం మీద నాకున్న కోపం మొదట మా మామ్మ తరఫునే.

కానీ మా మామ్మ దగ్గరే ఆగిపోతే నేను నిజంలో సగమే చెప్పినట్టు. మన సంఘాలు ఇన్నాళ్ళూ చేసింది చాలావరకు ఇదే. మనింటి ఆడదానికి జరిగిన అన్యాయం చెప్పాం. మనింటి ఆడదాన్ని కూడా కలుపుకుని మనిల్లు చేసిన అన్యాయం చెప్పలేదు.

డెల్టా వాళ్ళు మన్యానికి ఎగబాకడం మా తాతయ్యతో మొదలైంది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలు పారాక కింద డెల్టాలో చేతులు మారిన డబ్బు, పైకి అప్పుల రూపంలో వెళ్ళింది. 1879 రంప తిరుగుబాటుకి కల్లు మీద పన్ను, మన్సబుదారు జులుం ఎంత కారణమో, మైదానం నుంచి వెళ్ళిన వ్యాపారులు కోర్టు డిక్రీలతో గిరిజనుల ఆస్తులు లాక్కోవడమూ అంత కారణం. ఆ సంగతి తెల్లదొరలు కూడా ఒప్పుకోక తప్పలేదు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూమి గిరిజనుడి చేతిలోంచి గిరిజనేతరుడికి పోవాలంటే ఏజెంటు లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలని చట్టం చేసింది. అంటే మా తాతయ్య బండి కట్టేనాటికే ఆ చట్టానికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆయన దగ్గర ఏ ఏజెంటు సంతకమూ లేదు. "అప్పుడు చట్టాలు ఎవరికి తెలుసు" అంటారు మా వాళ్ళు. ప్రామిసరీ నోటు చట్టం మాత్రం బాగా తెలుసు.

1959లో మళ్ళీ ఒక రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని సవరిస్తూ 1970లో వచ్చిందే మన జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన 1/70. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఇక గిరిజనులకు తప్ప ఇంకెవరికీ బదిలీ కావడానికి లేదు. గిరిజనేతరుడి స్వాధీనంలో భూమి ఉంటే, కాదని అతను రుజువు చేసుకునేదాకా అది గిరిజనుల నుంచి వచ్చిందేనని అనుకోవాలి. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టం సరైనదేనంది. ఇంత గట్టి చట్టం వచ్చాక, 1990లలో జీలుగుమిల్లి, బుట్టాయగూడెం, పోలవరం మండలాల్లో ఆదివాసులు లాఠీలు, కేసులు భరించి ఎందుకు పోరాడాల్సి వచ్చింది? చట్టానికి కన్నం పెట్టే ఉపాయాలు మైదానంవాళ్ళు అప్పటికే కనిపెట్టారు కాబట్టి. అందులో అన్నిటికన్నా చవకైన ఉపాయం ఒక ఆడమనిషి.

మా బాబాయి 1974లో ఒక కోయ పిల్లని తెచ్చుకున్నాడు. ఆమెకు పదిహేడేళ్ళుంటాయేమో. అప్పటికే ఆయనకు తణుకులో పెళ్ళాం, ఇద్దరు కొడుకులు. తెచ్చుకున్న ఏడాదే పదకొండు ఎకరాలు ఆమె పేరుకి మారాయి. ముందు పెళ్ళి, తరవాత భూమి అనుకోకండి. భూమి కోసమే ఆ సంబంధం. మా ఇంట్లో ఆమెకి పేరు కూడా లేదు. "అక్కడావిడ" అనేవాళ్ళు. అక్కడావిడ కాఫీ తాగదు, అక్కడావిడకి మళ్ళీ పురుడొచ్చిందట, అక్కడావిడ చేత వేలిముద్ర వేయించుకురావాలి. పట్టాలో ఉన్న పేరేదో నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు.

పదకొండు ఎకరాల పట్టాదారు ఏం చేసేది? వేకువన లేచి పొగాకు తోటలో ఆకు రెలిచేది. బ్యారన్ దగ్గర కూలివాళ్ళతో కూర్చుని కర్రలకి ఆకు కట్టేది. వాళ్ళకి శనివారం కూలి ముట్టేది, ఈమెకి అదీ లేదు, ఇంటిమనిషి కదా. ఇద్దరు పిల్లల్ని కన్నాక కూడా ఆయన్ని "అయ్యగారూ" అనే పిలిచేది. బ్యాంకు అప్పు ఆమె పేరున, ఎరువుల సబ్సిడీ ఆమె పేరున, డబ్బు బాబాయి చొక్కా జేబులో. నా పెళ్ళి 1984లో అయింది. నాకిచ్చిన కట్నం నలభై వేలూ ఆ ఏడాది పొగాకు డబ్బే. వరకట్నం మీద ఈ పత్రికలోనే రెండుసార్లు రాశాను. నా అత్తవారు ఎలా పీడించారో రాశాను గాని, ఆ నలభై వేలు ఎవరి పేరున ఉన్న పొలంలోంచి, ఎవరి కూలి ఎగ్గొట్టి వచ్చాయో రాయలేదు. అప్పటికి నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. తట్టకపోవడం నా సౌకర్యం.

ఇప్పుడు మా అన్నయ్య కొడుకు చెప్పిన ఒరెగాన్‌కి వస్తాను. ఆ పిల్లాడు పోలిక తప్పుగా తేలేదు. తనకి తెలిసినదానికంటే సరిగ్గా తెచ్చాడు.

1840ల నుంచి, 1869లో ఖండానికి అడ్డంగా రైలుమార్గం పూర్తయ్యేదాకా, మూడు లక్షలమందికి పైగా ఆ బళ్ళదారుల్లో పడమటికి పోయారు. 1850లో అమెరికా పార్లమెంటు ఒరెగాన్ భూదాన చట్టం చేసింది. అప్పటికి అక్కడ స్థిరపడ్డ తెల్ల మగవాడికి 320 ఎకరాలు. పెళ్ళయినవాడైతే 640, అందులో సగం భార్య పేరుననే ఇవ్వాలి. పెళ్ళయిన స్త్రీకి సొంత ఆస్తి ఉండటమే అరుదైన ఆ రోజుల్లో, ఆమె పేరున నేరుగా 320 ఎకరాలు! వినడానికి ఎంత బాగుంది? జరిగిందేమిటంటే, గడువులోగా పెళ్ళయితే భూమి రెట్టింపవుతుందని మగవాళ్ళు పెళ్ళిళ్ళకి ఎగబడ్డారు. పెళ్ళికి వయసొచ్చిన ఆడవాళ్ళు అక్కడ తక్కువ. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల్ని చేసుకున్నారు. భూమి ఆ పసిపిల్లల పేరున వచ్చింది, దున్నించేదీ అమ్మించేదీ మొగుళ్ళు.

ఇంకో మాట. ఆ చట్టం చేసేనాటికి అక్కడి తెగలతో ఒప్పందాలు కూడా పూర్తి కాలేదు. యజమానుల్ని అడక్కుండానే పంచేశారు. 1856 చలికాలంలో రోగ్ నది లోయ తెగల్ని ఉత్తరాన గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కి నడిపించుకుపోయారు. ఆ నడకని ఎవరూ పయొనీర్ల యాత్ర అనరు. ఆ నడిచినవాళ్ళలోనూ గర్భిణులున్నారు, ఒళ్ళో బిడ్డలున్నవాళ్ళున్నారు.

ఎబిగైల్ స్కాట్ డనివే అనే ఆమెను నేను తలుచుకుంటూ ఉంటాను. 1852లో పదిహేడేళ్ళ వయసులో తల్లిదండ్రులతో ఆ బళ్ళదారిన వెళ్ళింది. దారిలో కలరా సోకి తల్లి పోయింది, తరవాత చిన్న తమ్ముడు పోయాడు. ఒరెగాన్‌లో పెళ్ళయ్యాక, భర్త ఎవరో స్నేహితుడికి హామీ సంతకాలు పెట్టి పొలం పోగొట్టాడు. ఆ సంతకాలకి భార్యని అడగాల్సిన పని లేదు, అప్పుమాత్రం ఆమె నెత్తిన కూడా పడింది. అక్కడినుంచి ఆమె 1871లో పోర్ట్‌లాండ్‌లో సొంత పత్రిక పెట్టి పదహారేళ్ళు నడిపింది. స్త్రీల ఓటు కోసం నలభై ఏళ్ళు కొట్లాడి 1912లో సాధించింది. ఎంత గొప్ప మనిషి! ఆమె పోగొట్టుకున్న పొలం అంతకుముందు ఎవరిది అన్న ప్రశ్న ఆ పోరాటానికి ఎజెండా కాలేదు. మన ఉద్యమానికీ ఇది తగులుతుంది కాబట్టే చెబుతున్నాను. మన రాష్ట్రంలో హిందూ కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా 1985 నుంచి వర్తించేలా చట్టమైనప్పుడు మనం పండగ చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. అయితే మా కుటుంబంలో ఆ ఉమ్మడి ఆస్తిలో ఒక ముక్క కోయగూడెంలో ఉంది. వాటా అడిగే హక్కు నాకొచ్చింది. దేంట్లో వాటా?

ఒరెగాన్‌లో చట్టం భూమినిచ్చింది, మన మన్యంలో చట్టం భూమిని అడ్డుకుంది. రెండుచోట్లా మగవాడు దూరిన సందు మాత్రం పెళ్ళాం పేరే.

బాబాయి 2019లో పోయాడు. ఆ పదకొండు ఎకరాల్లో ఇప్పుడు జీడిమామిడి, ఆయిల్‌పామ్ ఉన్నాయి. ఆమె కూతురు డిగ్రీ చదివింది, పట్టాదారు పాసుపుస్తకం చదవగలదు, అదే మా వాళ్ళకొచ్చిన చిక్కు. బాబాయి కొడుకులకి ఒక ఆలోచన వచ్చింది. భూమిని ఆమె పేరునుంచి తమ దగ్గర పాలేరుగా ఉన్న ఇంకో కోయ మనిషి పేరుకి మార్పిస్తే? గిరిజనుల నుంచి గిరిజనులకే కాబట్టి 1/70కి పైకి అభ్యంతరం కనపడదు. ఆమె వేలిముద్ర కావాలి, అంతే. సంక్రాంతి నాడు భోజనాలయ్యాక నన్ను పక్కకి పిలిచింది అందుకే. "నువ్వు చెబితే వింటుంది అక్కా. సంఘాల్లో తిరిగేదానివి, నీ మీద గురి. ఆవిడకో లక్ష ఇద్దాం."

నేను వెళ్ళాను. సంతకానికి కాదు. కాని వెళ్ళాకగాని ఆమె ఎన్ని తలుపుల బయట నిలబడిందో నాకు తెలిసిరాలేదు. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం, మొదటి భార్య ఉండగా బాబాయికి రెండో పెళ్ళి చెల్లదు. అదే చట్టం షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు. ఎటు చూసినా ఆమె భార్య కాదు. తెగలో ఆస్తి హక్కు? 1956 హిందూ వారసత్వ చట్టం కూడా షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు. దీన్ని మార్చే విషయం చూడమని 2022లో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది, ఆ కేసు వేసిన ఆదివాసీ స్త్రీకి మాత్రం వాటా రాలేదు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, స్త్రీకి వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు ఆమెకు వాటా ఇవ్వాల్సిందేనని అదే కోర్టు అంది. అది పుట్టింటి ఆస్తికి. ఈమె పుట్టింటివాళ్ళకి ఉన్నదేమిటి, మాలాంటివాళ్ళు మిగిల్చిందేమిటి?

పోనీ పట్టా ఆమె పేరుననే ఉంది కదా అంటారా? అది బినామీ అని తేలితే 1/70 కింద భూమి తీసేసుకుంటారు. బాబాయి కొడుకులతో పాటు ఆమెనీ ఖాళీ చేయిస్తారు. చట్టం దృష్టిలో ఆమె దొంగకి తోడుదొంగ. గూడెంలోనూ అదే మాట. పోరాటం రోజుల్లో సంఘం మీటింగుకి వెళితే "బినామీది వచ్చింది" అన్నారట. ఆ మాట చెప్పి ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇక పిల్లల సంగతి. కూతురు వాటా అడిగితే మా వాళ్ళు "ఆ పిల్ల మా రక్తమేమిటి, ఎవరికి పుట్టిందో" అన్నారు. అదే పిల్ల గిరిజన సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెడితే "తండ్రి మా వాడు, అగ్రకులం, గిరిజన ఎలా అవుతుంది" అని అర్జీ రాసింది కూడా వీళ్ళే. ఒకే ఇంటినుంచి, ఒకే నెలలో! తండ్రి కులమే బిడ్డకి అనే ఊహ ఉన్నా అది తిరుగులేనిది కాదనీ, గిరిజన తల్లి దగ్గర, ఆ సమాజంలో పెరిగానని బిడ్డ రుజువు చేసుకోవచ్చనీ 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. రుజువు చేసుకునే బరువు మాత్రం ఆ బిడ్డ మీదే పెట్టింది. రోజూ తల్లితో నీళ్ళు మోసి, కట్టెలు కొట్టి పెరిగిన పిల్ల కోయ పిల్లేనని ఆఫీసర్ల ముందు నిరూపించుకోవాలి.

ఇది చదివి కొందరు స్నేహితులు ఒక మాట అంటారు, ముందే చెబుతాను: "గిరిజనేతరుల్లోనూ పేదలున్నారు, తరాల తరబడి చెమటోడ్చారు." నిజమే. మా మామ్మ చెమటకి నేను సాక్షిని. కాని ఆ వాదన ఎత్తేది ఎప్పుడూ పదీ పాతిక ఎకరాలున్నవాళ్ళే. చెమటకే భూమి వస్తే మొట్టమొదట రావాల్సింది యాభై ఏళ్ళు కూలి లేకుండా ఆకు కట్టినామెకి. మా పిన్నికి, అంటే తణుకులో ఉన్న బాబాయి భార్యకి, అన్యాయం జరగలేదా అంటే జరిగింది. ఆమె మొగుడు భూమి పేరు చెప్పి ఇంకో ఇల్లు పెట్టాడు. ఆమె ఏడ్చిన ఏడుపు నేను చూశాను. కాని ఆ ఏడుపుకి పరిహారం ఇంకో ఆడదాని వేలిముద్ర కాదు.

నేను అడిగేది ఏమిటి? భూమి మొదట ఎవరి దగ్గర పోయిందో ఆ కుటుంబానికి తిరిగి వెళ్ళాలి. చట్టం చెప్పేదీ అదే. ఆ వారసులు దొరకని చోట వేరే గిరిజనులకి కేటాయించే అధికారం ప్రభుత్వానికి ఉంది. అలాంటప్పుడు మొదటి హక్కు, పట్టాలో పేరు మాత్రం పెట్టుకుని ఆ పొలంలోనే వెట్టి చేసిన స్త్రీకి ఉండాలి. ఆమెని బినామీ ముద్దాయిగా కాక, మోసపోయిన మనిషిగా విచారించాలి. బినామీ ఎవరి లాభం కోసం నడిచిందో వాడి మీద కేసు పెట్టాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చే పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని రాసుంది. అక్కడ కూడా అధికారులు ఆ స్త్రీని విడిగా పిలిచి, పొలం హద్దులేవో, పంట డబ్బు ఎవరు తీసుకుంటున్నారో ఆమె నోట అడగాలి. మన సంఘం ఏజెన్సీ మండలాల్లో ఒక పని మొదలుపెట్టాలని కార్యవర్గానికి రాశాను: పట్టా ఉండి పొలం లేని కోయ, కొండరెడ్డి స్త్రీలు ఎవరెవరో తెలుసుకోవడం. గూడెంలో వాళ్ళని అడగడం తేలికే. కష్టం మనిళ్ళలో అడగడం. మన సభ్యుల్లో డెల్టా నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. ఎవరింట్లో "అక్కడావిడ" ఉందో మనకే బాగా తెలుసు.

మా సంగతి ఎక్కడిదాకా వచ్చిందంటే, 1945లో అప్పు కింద భూమి వదులుకున్న ఆ రైతు తాలూకు వాళ్ళ కోసం ఆమె కూతురు, నేను చుట్టుపక్కల గూడేలన్నీ అడిగాం. ఎప్పుడో వలసపోయారన్నారు, ఎటో ఎవరూ చెప్పలేకపోయారు. కూతురు దరఖాస్తు పెట్టింది. 1974 నుంచి ఆ పదకొండు ఎకరాల పంట డబ్బు తీసుకున్నది పట్టాదారు కాదనీ మా కుటుంబమేననీ, అందులో నలభై వేలు నా పెళ్ళికి కట్నంగా వచ్చాయనీ నేను వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను. మా వాళ్ళు మాట్లాడటం మానేశారు. పుస్తకం రెండోసారి అచ్చువేస్తే నా పేరు వంశవృక్షంలోంచి తీసేస్తారట.

సంతకం పెట్టిన రోజు ఆమె నన్ను పొలానికి తీసుకెళ్ళింది. యాభై ఏళ్ళలో ఆ గట్టు మీద నేను ఆమె వెనక నడవడం అదే మొదటిసారి. ఆయిల్‌పామ్ చెట్లు చూపించి, "ఇవి కొట్టించేస్తాను అమ్మాయీ, దీని కింద ఏమీ మొలవదు. ఈ చెక్కలో జొన్న, ఆ పల్లంలో కంది వేస్తాను" అంది. కేసు ఇంకా విచారణకే రాలేదని కూతురు గుర్తుచేసింది. "రానీ, విత్తనం దాచి ఉంచాను" అంది ఆమె.